అమెరికా ఆర్మీలో ఒంటెల దండు.. వాటిని నడిపించిన హాజీ అలీ కథ తెలుసా?

అమెరికా సైన్యం అనగానే ట్యాంకులు, యుద్ధ విమానాలే గుర్తొస్తాయి. కానీ ఒకప్పుడు అక్కడి ఆర్మీ సామాన్లు మోసింది ఒంటెలంటే నమ్ముతారా? ఆ ఒంటెలను నడపడానికి సముద్రాలు దాటి వెళ్లిన మనిషే హాజీ అలీ. ఆ పేరు నోరు తిరగక అమెరికన్లు ఆయన్ని హై జాలీ అనేవారు. చివరికి అదే ఆయన పేరైపోయింది.

1828 ప్రాంతంలో ఒట్టోమన్ సామ్రాజ్యంలోని సిరియాలో ఆయన పుట్టారని చెబుతారు. హజ్ యాత్ర చేసి రావడంతో హాజీ అలీ అయ్యారు.

ఒంటెలే ఎందుకు?

మెక్సికోతో యుద్ధం 1848లో ముగిశాక నైరుతి ప్రాంతంలోని ఎడారులు అమెరికా చేతికి వచ్చాయి. అక్కడి కోటలకు సరుకు చేర్చడం ఆర్మీకి పెద్ద తలనొప్పి. నీళ్లు లేక గుర్రాలు, కంచర గాడిదలు అల్లాడిపోయేవి. దీంతో యుద్ధ శాఖ మంత్రి జెఫర్సన్ డేవిస్ ఒంటెల ప్లాన్‌కు పట్టుబట్టారు. 1855లో కాంగ్రెస్ 30 వేల డాలర్లు మంజూరు చేసింది. 1856 మేలో 34 ఒంటెలు టెక్సాస్ తీరంలో దిగాయి. మరుసటి ఏడాది ఇంకో 41 వచ్చాయి. కానీ వాటిని మచ్చిక చేసుకోవడం అమెరికన్ సైనికులకు తెలియదు. అందుకే హాజీ అలీ లాంటి వాళ్లను పనిలోకి తీసుకున్నారు.

ఎడారిలో అసలు పరీక్ష

1857లో ఎడ్వర్డ్ బీల్ న్యూ మెక్సికో నుంచి కొలరాడో నది దాకా బండి బాట వేసే పనికి బయల్దేరారు. వెంట 25 ఒంటెలు.. వాటిని నడిపిన వారిలో హాజీ అలీ ఒకరు. ఒక్కో ఒంటె సుమారు 270 కిలోల బరువు మోసింది. కంచర గాడిదలు ముట్టని ముళ్ల పొదలే వాటికి మేత. ఒంటెలు ఈదలేవేమో అని బీల్ భయపడ్డారు. కానీ అవి కొలరాడో నదిని ఈదుకుంటూ దాటేశాయి. తర్వాతి కాలంలో రూట్ 66 హైవే చాలా వరకు ఆ బాట వెంటే వచ్చింది.

మరి ఎందుకు ఫెయిలైంది?

ఒంటెల వాసనకే గుర్రాలు బెదిరిపోయేవి. సైనికులకూ అవి నచ్చలేదు. 1858లో యుద్ధ శాఖ మరో వెయ్యి ఒంటెలు అడిగితే కాంగ్రెస్ ఒప్పుకోలేదు. 1861లో అంతర్యుద్ధం మొదలైంది. పథకం పెట్టిన డేవిసే తిరుగుబాటు రాష్ట్రాలకు అధ్యక్షుడయ్యారు. ఇక ఒంటెలను పట్టించుకున్న వాళ్లే లేరు. 1864, 1866లో వాటిని వేలం వేసేశారు.

హాజీ అలీ మాత్రం వాటిని వదల్లేదు. కొన్నింటిని దగ్గర పెట్టుకుని గనుల ఊళ్లకు సరుకు రవాణా మొదలుపెట్టారు. వ్యాపారం నడవలేదు. చివరికి ఒంటెలను అరిజోనా ఎడారిలో వదిలేశారు. తర్వాత ఆర్మీకి స్కౌట్‌గా పనిచేశారు, బంగారం కోసం కొండలు తవ్వారు. 1880లో ఫిలిప్ టెడ్రో పేరుతో పౌరసత్వం పొందారు. అదే ఏడాది టక్సన్‌లో గెర్ట్రుడిస్ సెర్నాను పెళ్లి చేసుకున్నారు. ఇద్దరు కూతుళ్లు పుట్టారు.

ఇన్నేళ్లు సేవ చేసినా సర్కారు పింఛను దక్కలేదు. 1902 డిసెంబర్ 16న క్వార్ట్‌జైట్ ఊళ్లో కన్నుమూశారు. బతికుండగా దక్కని గౌరవం 33 ఏళ్ల తర్వాత దక్కింది. 1935లో అరిజోనా ప్రభుత్వం ఆయన సమాధిపై రాళ్లతో పిరమిడ్ కట్టించింది. దాని శిఖరాన ఒక రాగి ఒంటె బొమ్మ ఇప్పటికీ నిలబడి ఉంది.