పూలను వెదకిన బాటసారి

లోకము దృష్టిలో ఓడిపోయిన మనుష్యుడు సైతము లోకమునకు తరుగని మేలు చేసి పోవచ్చును. అమెరికా దేశపు ప్రకృతి శాస్త్రజ్ఞుడు విలియం బార్ట్రం చరిత్రమే ఇందుకు తార్కాణము.

అతడు 1739వ సంవత్సరమున ఫిలడెల్ఫియా నగరము చెంత జన్మించెను. తండ్రి జాన్ బార్ట్రం రైతు. తనంతట తానే వృక్షశాస్త్రము నేర్చి, స్కూల్‌కిల్ నదీతీరమున తోట పెంచి, అమెరికా చెట్ల విత్తనములను లండనుకు పంపుచుండెడివాడు. కుమారునకు బాల్యమునుండియు మొక్కలన్నను చిత్రలేఖనమన్నను మక్కువ. అవి కూడు పెట్టునా యని తండ్రికి దిగులు. విలియము వర్తకమున దిగెను, అది కలసిరాలేదు. ఫ్లారిడాలో బానిసల శ్రమతో సేద్యము చేయబూనెను, అదియు చెడెను.

అంతకుముందు, 1765లో, తండ్రీకొడుకులు జార్జియాలోని ఆల్టమహా నదీతీరమున ఎవరును ఎరుగని చెట్టు నొకదానిని చూచిరి. ఆ చెట్టు కథ అంతటితో ముగియలేదు.

అప్పులపాలైన విలియమునకు లండను వైద్యుడు జాన్ ఫాథర్‌గిల్ ఏటికి 50 పౌనులిచ్చి, దక్షిణ ప్రాంతముల మొక్కలను సేకరించి పంపుమని కోరెను. 1773లో బయలుదేరి, గుఱ్ఱము మీదను పడవ మీదను తిరుగుచు, ఫ్లారిడా మొసళ్ల మడుగులు, చెరోకీల కొండలు దాటి, పడమట మిసిసిపీ నది వరకు పోయెను. సెమినోలుల నాయకుడు అతనికి పూలను వెదకువాడని అర్థము వచ్చు పేరుపెట్టి, తమ నేలపై స్వేచ్ఛగా తిరుగనిచ్చెను. ఈ కాలముననే అతడు ఆల్టమహా చెట్టును మరల చూచి, దాని విత్తనములను సేకరించెను. 1777 ఆరంభమున ఇల్లు చేరెను. ఆ యేడే తండ్రి మరణించెను.

తెల్లని రేకులు, పసుపుపచ్చని కేసరములు గల ఆ పూలచెట్టునకు, తండ్రి మిత్రుడైన బెంజమిన్ ఫ్రాంక్లిన్ పేరిట ఫ్రాంక్లీనియా అని నామకరణము జరిగెను. 1791లో వెలువడిన విలియము యాత్రాగ్రంథము ఇంగ్లండులో కోలరిడ్జి, వర్డ్స్‌వర్తు కవులకు ప్రేరణ నొసగెను. విశ్వవిద్యాలయాచార్య పదవి లభించినను అతడు స్వీకరింపలేదు. 1823లో, పుట్టిన తోటలోనే కన్నుమూసెను.

ఇరువదవ శతాబ్దమున ఫ్రాన్సిస్ హార్పర్ అను శాస్త్రజ్ఞుడు ఆ గ్రంథము చేతబట్టి, విలియము నడచిన దారులను వెదకి నడచి, 1958లో విపులమైన వ్యాఖ్యతో దానిని ప్రచురించెను. నేడు ఆ దారులలో కొన్ని భాగములు అతని పేరనే బాటసారులకు ఏర్పడియున్నవి. ఆ నదులున్నవి, ఆ కొండలున్నవి. కాని 1775లో అతడు చూచిన కౌవీ మున్నగు చెరోకీ పల్లెలను మరుసటి యేడే అమెరికా సేనలు తగులబెట్టినవి. ఆల్టమహా తీరమున ఆ చెట్టును 1803 తరువాత చూచినవారు లేరు.

అయినను నేడు అనేక దేశముల తోటలలో ఫ్రాంక్లీనియా పూయుచున్నది. అవన్నియు బార్ట్రముల తోటలో మొలచిన మొక్కల సంతతియే. వర్తకమున, సేద్యమున ఓడిన ఆ మనుష్యుడు గుప్పెడు విత్తనములు మూటగట్టి తేనిచో, ఆ జాతి నేడు భూమిపై నుండెడిది కాదు.