హ్యారీ హాప్కిన్స్

హ్యారీ లాయిడ్ హాప్కిన్స్ (ఆగష్టు 17, 1890 - జనవరి 29, 1946) అమెరికా సంయుక్త రాష్ట్రాల అధ్యక్షుడు ఫ్రాంక్లిన్ రూజ్వెల్ట్‌కు సన్నిహిత సలహాదారు. రెండవ ప్రపంచ యుద్ధ కాలంలో బ్రిటన్, సోవియట్ యూనియన్‌లతో అమెరికా నడిపిన దౌత్యంలో ఇతడు ముఖ్య పాత్ర వహించాడు. హాప్కిన్స్ ఏనాడూ విదేశాంగ మంత్రిగా గాని, రాయబారిగా గాని పనిచేయలేదు. విదేశీ వ్యవహారాలలో అతనికి శిక్షణ లేదు. అధ్యక్షుని నమ్మకమే అతని అధికారానికి ఏకైక ఆధారం. అనాథలకు, నిరుద్యోగులకు సహాయం అందించే సంఘసేవకునిగా జీవితం ఆరంభించిన హాప్కిన్స్, చర్చిల్, స్టాలిన్‌లతో ముఖాముఖి మాట్లాడే స్థాయికి చేరుకున్నాడు.

బాల్యం, విద్యాభ్యాసం

హాప్కిన్స్ అయోవా రాష్ట్రంలోని సూ సిటీలో జన్మించాడు. తండ్రి డేవిడ్ హాప్కిన్స్ గుర్రపు జీనులు, పట్టీలు తయారుచేసి అమ్మేవాడు. తల్లి అన్నా మతనిష్ఠ కలిగిన గృహిణి. కుటుంబం పలు ఊళ్ళు మారి చివరకు అదే రాష్ట్రంలోని గ్రిన్నెల్ పట్టణంలో స్థిరపడింది. హాప్కిన్స్ అక్కడి గ్రిన్నెల్ కళాశాలలో చదివి 1912లో పట్టభద్రుడయ్యాడు.

సంఘసేవ

చదువు ముగియగానే హాప్కిన్స్ న్యూయార్క్ నగరానికి వెళ్ళి, పేద వలస కుటుంబాలు నివసించే ప్రాంతంలోని క్రిస్టొడోరా హౌస్ అనే సేవా కేంద్రంలో చేరాడు. అక్కడి దారిద్ర్యం అతని ఆలోచనలను మార్చివేసింది. మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో అమెరికన్ రెడ్ క్రాస్ తరఫున న్యూ ఓర్లీన్స్‌లో పనిచేశాడు. తరువాత న్యూయార్క్‌కు తిరిగివచ్చి క్షయ నివారణ సంఘానికి నాయకత్వం వహించాడు.

1929లో మొదలైన ఆర్థిక మాంద్యం వలన లక్షలాది మంది ఉపాధి కోల్పోయారు. 1931లో న్యూయార్క్ రాష్ట్ర గవర్నరుగా ఉన్న రూజ్వెల్ట్ ఏర్పాటు చేసిన సహాయ సంస్థలో హాప్కిన్స్ కార్యనిర్వాహకుడయ్యాడు. రూజ్వెల్ట్ 1933లో దేశాధ్యక్షుడు కాగానే అతడిని వాషింగ్టన్‌కు పిలిపించి సమాఖ్య సహాయ కార్యక్రమం అప్పగించాడు. పదవి చేపట్టిన మొదటి రెండు గంటలలోనే హాప్కిన్స్ రాష్ట్రాలకు 50 లక్షల డాలర్లకు పైగా మంజూరు చేశాడు. 1933-34 శీతాకాలంలో అతడు నడిపిన పథకం 40 లక్షల మందికి పైగా పని కల్పించింది. 1935లో ప్రారంభమైన వర్క్స్ ప్రోగ్రెస్ అడ్మినిస్ట్రేషన్‌కు కూడా అతడే అధిపతి. 1943లో మూతపడేలోగా ఆ సంస్థ ద్వారా సుమారు 85 లక్షల మంది ఉపాధి పొందారు. రహదారులు, వంతెనలు, పాఠశాలలు, విమానాశ్రయాలు నిర్మించబడ్డాయి. కాగితాల మీద జాప్యాన్ని సహించకుండా పని జరిపించే వ్యక్తిగా అతనికి ఈ సమయంలోనే పేరు వచ్చింది.

అనారోగ్యం, శ్వేతసౌధ నివాసం

1937 అక్టోబరులో హాప్కిన్స్ రెండవ భార్య బార్బరా క్యాన్సర్‌తో మరణించింది. అదే సంవత్సరం చివరిలో అతనికీ క్యాన్సర్ ఉన్నట్లు తేలడంతో శస్త్రచికిత్స చేసి ఉదరకోశంలో అధిక భాగాన్ని తొలగించారు. క్యాన్సర్ తిరిగి రాలేదు కాని, అప్పటి నుండి తిన్న ఆహారం సరిగా ఒంటబట్టేది కాదు. 1938 డిసెంబరులో వాణిజ్య మంత్రిగా నియమితుడైనా అనారోగ్యం వలన ఎక్కువగా పనిచేయలేక 1940లో రాజీనామా చేశాడు.

1940 మే 10న జర్మనీ నెదర్లాండ్స్, బెల్జియం దేశాలపై దాడిచేసింది. అదే రోజు చర్చిల్ బ్రిటన్ ప్రధానమంత్రి అయ్యాడు. ఆ రాత్రి భోజనానికి శ్వేతసౌధానికి వెళ్ళిన హాప్కిన్స్‌ను రూజ్వెల్ట్ అక్కడే ఉండిపొమ్మన్నాడు. ఒక రాత్రికని ఆగిన అతిథి దాదాపు మూడున్నర సంవత్సరాలు అక్కడే నివసించాడు. అబ్రహాం లింకన్ కార్యాలయంగా ఉపయోగించిన గదే అతని నివాసమయింది. ఏ వేళలోనైనా అధ్యక్షుని వద్దకు వెళ్ళగల ఈ సౌలభ్యం మరే మంత్రికీ లేదు. 1940 ఎన్నికలలో రూజ్వెల్ట్‌పై పోటీచేసి ఓడిన వెండెల్ విల్కీ, అందరూ అనుమానించే ఈ వ్యక్తిని ఎందుకు దగ్గర ఉంచుకున్నారని ఆయననే అడిగాడు. అధ్యక్ష స్థానంలో ఉన్నవాని వద్దకు వచ్చే ప్రతివారూ ఏదో ఒకటి కోరుకుంటారని, తన కొరకు ఏమీ కోరని మనిషి విలువ అప్పుడే తెలుస్తుందని రూజ్వెల్ట్ బదులిచ్చాడు.

లండన్ పర్యటన

1941 జనవరి నాటికి ఫ్రాన్స్ పతనమై బ్రిటన్ ఒంటరిగా పోరాడుతున్నది. ఆయుధాలు కొనేందుకు దాని వద్ద డాలర్లు అడుగంటాయి. లండన్‌లోని అమెరికా రాయబారి జోసెఫ్ కెన్నెడీ రాజీనామా చేశాడు. వాషింగ్టన్‌లోని బ్రిటిష్ రాయబారి లార్డ్ లోథియన్ మరణించాడు. ఇటువంటి తరుణంలో రూజ్వెల్ట్ హాప్కిన్స్‌ను తన వ్యక్తిగత ప్రతినిధిగా లండన్ పంపాడు. బ్రిటన్ నిలబడగలదా, ఇచ్చిన సహాయం వృథా కాదా అన్నవి అతడు తేల్చవలసిన ప్రశ్నలు.

రెండు వారాలకని వెళ్ళిన హాప్కిన్స్ అక్కడ దాదాపు ఆరు వారాలు గడిపాడు. చర్చిల్‌తో కలసి నౌకాస్థావరాలను, బాంబుదాడులకు గురైన పట్టణాలను చూశాడు. బ్రిటిష్ ప్రజలు లొంగరని, చర్చిల్‌ను నమ్మవచ్చని, సహాయం వెంటనే కావాలని అధ్యక్షునికి నివేదించాడు. 1941 మార్చి 11న లెండ్-లీజ్ చట్టం అమలులోకి వచ్చింది. మిత్రదేశాలకు వెంటనే సొమ్ము తీసుకోకుండా యుద్ధసామగ్రి ఇచ్చే అధికారాన్ని ఈ చట్టం అధ్యక్షునికి కల్పించింది. తొలి విడతగా 700 కోట్ల డాలర్లు కేటాయించబడ్డాయి. ఈ కార్యక్రమం పర్యవేక్షణను రూజ్వెల్ట్ హాప్కిన్స్‌కు అప్పగించాడు. యుద్ధం ముగిసే నాటికి ఈ సహాయం మొత్తం దాదాపు 5,000 కోట్ల డాలర్లకు చేరింది.

మాస్కో పర్యటన

1941 జూన్ 22న జర్మనీ సోవియట్ యూనియన్‌పై దాడిచేసింది. కొద్ది వారాలలోనే రష్యా లొంగిపోతుందని అమెరికా సైనికాధికారులలో చాలామంది అంచనా వేశారు. అదే నిజమైతే అక్కడికి పంపిన ఆయుధాలు జర్మనీ చేతికి చిక్కుతాయి. జూలైలో లండన్‌లో ఉన్న హాప్కిన్స్ తాను మాస్కో వెళతానని ప్రతిపాదించగా రూజ్వెల్ట్ అంగీకరించాడు. స్కాట్లాండ్ నుండి సముద్ర విమానంలో 20 గంటలకు పైగా ప్రయాణించి ఆర్ఖంగెల్స్క్ చేరి, అక్కడి నుండి మాస్కో వెళ్ళాడు.

జూలై 30, 31 తేదీలలో స్టాలిన్‌తో సమావేశమయ్యాడు. స్టాలిన్ తక్షణావసరాలుగా విమాన విధ్వంసక తుపాకులను, మర తుపాకులను కోరడంతో పాటు విమానాల తయారీకి అల్యూమినియం కావాలన్నాడు. కర్మాగారాలకు ముడిలోహం అడిగే నాయకుడు దీర్ఘకాలం పోరాడటానికే సిద్ధపడుతున్నాడని హాప్కిన్స్ గ్రహించాడు. సైనిక నిపుణుల అంచనాలకు భిన్నంగా రష్యా నిలబడుతుందని నివేదించాడు. తిరుగు ప్రయాణంలో మందులు మాస్కోలోనే మరచిపోవడంతో తీవ్ర అస్వస్థతకు గురయ్యాడు. అయినప్పటికీ చర్చిల్‌తో కలసి యుద్ధనౌకలో న్యూఫౌండ్‌లాండ్ తీరానికి వెళ్ళి ఆగష్టు 9న మొదలైన అట్లాంటిక్ సమావేశంలో పాల్గొన్నాడు. నవంబరులో లెండ్-లీజ్ సహాయం సోవియట్ యూనియన్‌కు విస్తరింపబడింది. ఆ దేశానికి అందిన మొత్తం సహాయం సుమారు 1,100 కోట్ల డాలర్లు.

భారతదేశ సమస్య

1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖపట్నం, కాకినాడలపై బాంబులు వేశాయి. రెండు రోజుల తరువాత హాప్కిన్స్, సైన్యాధిపతి జార్జ్ మార్షల్‌తో కలసి ఐరోపాలో రెండవ రణరంగం తెరిచే విషయమై చర్చలకు లండన్ చేరాడు. అదే సమయంలో ఢిల్లీలో సర్ స్టాఫర్డ్ క్రిప్స్ భారత జాతీయ కాంగ్రెసుతో చర్చలు జరుపుతున్నాడు. రూజ్వెల్ట్ ప్రతినిధిగా ఢిల్లీ వెళ్ళిన లూయీ జాన్సన్ ఆ చర్చలలో మధ్యవర్తిత్వం వహించాడు. చర్చిల్ దీనికి అభ్యంతరం తెలిపినప్పుడు, జాన్సన్‌కు అప్పగించిన పని ఆయుధోత్పత్తికి సంబంధించినదే గాని రాజ్యాంగ చర్చలకు సంబంధించినది కాదని హాప్కిన్స్ చెప్పాడు. ఈ మాట జాన్సన్ ప్రయత్నాన్ని బలహీనపరచింది.

చర్చలు విఫలమైన తరువాత ఏప్రిల్ 12 తెల్లవారుజామున, చర్చలు కొనసాగించమని కోరుతూ రూజ్వెల్ట్ పంపిన సందేశం చర్చిల్‌కు అందింది. హాప్కిన్స్ అప్పుడు చర్చిల్ గ్రామీణ నివాసంలోనే ఉన్నాడు. చర్చిల్ తీవ్రంగా ఆగ్రహించి, ఈ విషయమై రాజీనామాకైనా సిద్ధమన్నాడు. క్రిప్స్ అప్పటికే ఢిల్లీ విడిచాడని, ఇక చేయగలిగినది లేదని హాప్కిన్స్ అధ్యక్షునికి తెలిపాడు. ఇద్దరు నాయకుల మైత్రిని కాపాడటం తన మొదటి కర్తవ్యమని భావించిన సలహాదారు, భారత స్వాతంత్ర్య సమస్యను పక్కన పెట్టడానికి తోడ్పడ్డాడు. నాలుగు నెలల తరువాత క్విట్ ఇండియా ఉద్యమం మొదలైంది.

విదేశాంగ శాఖతో సంబంధాలు

యుద్ధకాలంలో ముఖ్యమైన నిర్ణయాలు విదేశాంగ శాఖ ద్వారా గాక హాప్కిన్స్ ద్వారా నడిచేవి. 1943లో కాసాబ్లాంకా, కైరో, టెహరాన్ సమావేశాలకు రూజ్వెల్ట్ వెంట హాప్కిన్స్ వెళ్ళాడు, విదేశాంగ మంత్రి కార్డెల్ హల్ వెళ్ళలేదు. చర్చిల్ సైతం పలు విషయాలను నేరుగా హాప్కిన్స్‌కే తంతి ద్వారా తెలిపేవాడు. యుద్ధసామగ్రిని మిత్రదేశాల మధ్య పంచే మండలికి వాషింగ్టన్‌లో అతడే అధ్యక్షుడు. ఈ పద్ధతి వలన పనులు వేగంగా జరిగినా, ప్రజలు ఎన్నుకోని, కాంగ్రెసు ఆమోదించని వ్యక్తికి ఇంత అధికారమా అన్న విమర్శ ఎల్లప్పుడూ ఉండేది.

1944 ఫిబ్రవరిలో మార్షల్ దీవుల యుద్ధంలో హాప్కిన్స్ చిన్న కుమారుడు స్టీఫెన్ 18 ఏళ్ళ వయసులో మరణించాడు. ఆ సమయంలో హాప్కిన్స్ స్వయంగా తీవ్ర అనారోగ్యంతో ఉన్నాడు. నెలల తరబడి ఆసుపత్రిలో ఉండటంతో అధ్యక్షునితో సాన్నిహిత్యం కొంత తగ్గింది.

యాల్టా, చివరి దౌత్యం

1945 ఫిబ్రవరిలో యాల్టా సమావేశానికి వెళ్ళినా, చర్చలు జరిగే వేళలు తప్ప మిగిలిన సమయమంతా హాప్కిన్స్ మంచం మీదనే గడిపాడు. తిరుగు ప్రయాణంలో ఓడలో సాగలేక అల్జీర్స్‌లో దిగిపోయాడు. కాంగ్రెసుకు సమర్పించే నివేదిక తయారీలో అతని సహాయం ఆశించిన రూజ్వెల్ట్ ఇందుకు అసంతృప్తి చెందాడు. వారిద్దరూ మళ్ళీ కలుసుకోలేదు. ఏప్రిల్ 12న రూజ్వెల్ట్ మరణించినప్పుడు హాప్కిన్స్ మిన్నెసోటాలోని ఆసుపత్రిలో ఉన్నాడు.

పోలండ్ విషయమై సోవియట్ యూనియన్‌తో విభేదాలు ముదరడంతో కొత్త అధ్యక్షుడు హ్యారీ ట్రూమన్ హాప్కిన్స్‌ను మాస్కో పంపాడు. మే 26 నుండి జూన్ 6 వరకు స్టాలిన్‌తో ఆరు సమావేశాలు జరిగాయి. భద్రతా మండలిలో ఒక విషయాన్ని చర్చకు తీసుకోవడాన్ని వీటో ద్వారా ఆపరాదన్న అమెరికా వాదనకు స్టాలిన్ ఒప్పుకున్నాడు. దీనితో ఐక్యరాజ్యసమితి నియమావళి జూన్ 26న సంతకాలకు సిద్ధమయింది. పోలండ్ ప్రభుత్వంలో మరికొందరు నాయకులను చేర్చుకోవడానికి స్టాలిన్ అంగీకరించాడు కాని, అరెస్టయిన 16 మంది పోలిష్ ప్రతిఘటన నాయకులను విడుదల చేయడానికి అంగీకరించలేదు. పోలండ్‌లో 1947లో జరిగిన ఎన్నికలు స్వేచ్ఛగా జరగలేదు.

మరణం

1945 జూలైలో హాప్కిన్స్ ప్రభుత్వ సేవ నుండి తప్పుకున్నాడు. సెప్టెంబరులో ట్రూమన్ అతనికి విశిష్ట సేవా పతకం బహూకరించాడు. 1946 జనవరి 29న న్యూయార్క్‌లోని ఆసుపత్రిలో 55 ఏళ్ళ వయసులో మరణించాడు. అతని అస్థికలను గ్రిన్నెల్‌లో ఉంచారు.

విమర్శలు, ప్రాముఖ్యత

సోవియట్ యూనియన్‌కు షరతులు లేకుండా సహాయం చేయించాడని, స్టాలిన్‌ను అతిగా నమ్మాడని హాప్కిన్స్‌పై విమర్శలున్నాయి. యుద్ధానంతరం ప్రచ్ఛన్నయుద్ధ వాతావరణంలో అతడు సోవియట్ గూఢచారి అన్న ఆరోపణలు కూడా వచ్చాయి. 1990లలో బయటపడిన రహస్య పత్రాల ఆధారంగా కొందరు రచయితలు దీనిని సమర్థించగా, అనేక చరిత్రకారులు అంగీకరించలేదు.

నాటక రచయిత రాబర్ట్ షెర్వుడ్ 1948లో రూజ్వెల్ట్, హాప్కిన్స్‌ల గురించి రచించిన గ్రంథానికి 1949లో పులిట్జర్ బహుమతి లభించింది. మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో అధ్యక్షుడు విల్సన్‌కు కర్నల్ హౌస్ ఇటువంటి పాత్రే పోషించాడు. 1953లో అధ్యక్షుడు ఐసెన్‌హోవర్ జాతీయ భద్రతా సలహాదారు పదవిని ఏర్పాటు చేయడంతో శ్వేతసౌధ సలహాదారుకు నియమిత స్థానం లభించింది. హాప్కిన్స్‌కు అటువంటి స్థానం లేదు. అధ్యక్షుడు మరణించిన నాడే అతని అధికారం ముగిసింది, కొత్త అధ్యక్షుడు కోరినందువల్లనే చివరిసారి మాస్కో వెళ్ళగలిగాడు.