భూమి తిరుగుతున్నదని చెప్పిన ఆర్యభటుడు

ప్రత్యేక సంచికకు ఏదైనా వ్రాయమని కార్యదర్శి గారు అడిగినప్పుడు డి.ఏ. బకాయిల గురించి తప్ప నాకేమి తెలుసునని అనుకున్నాను. ఆ రాత్రి పాత ట్రంకుపెట్టెలో ఒక రెండు రూపాయల నోటు దొరికింది. దాని వెనుకవైపు ఆర్యభట ఉపగ్రహం బొమ్మ. 1975 ఏప్రిల్ 19న సోవియట్ భూమి నుంచి ఎగిరిన మన మొదటి ఉపగ్రహమది. జీతం నోట్లలో ఆ బొమ్మను వేలసార్లు లెక్కపెట్టి ఉంటాను గాని, ఆ పేరుగల మనిషి ఎవరో ఉద్యోగంలో ఉన్నంతకాలం పట్టించుకోలేదు. విశ్రాంత జీవితంలో చదివి తెలుసుకున్నది మీ ముందుంచుతున్నాను.

ఆర్యభటుడు క్రీ.శ. 476లో జన్మించాడు. కలియుగంలో 3600 సంవత్సరాలు గడిచేనాటికి తనకు 23 ఏళ్ళని ఆయనే వ్రాసుకున్నాడు గనుక ఇందులో సందేహం లేదు. మన సర్వీసు రిజిస్టర్లలో కూడా పుట్టిన సంవత్సరం ఇంత స్పష్టంగా ఉండదు! విద్య కుసుమపురం, అంటే నేటి పాట్నా. పుట్టిన చోటుపై పండితులలో వాదాలున్నాయి. 629లో ఆయన గ్రంథానికి వ్యాఖ్య వ్రాసిన మొదటి భాస్కరుడు ఆయనను అశ్మకదేశంతో ముడిపెట్టాడు. గోదావరి తీరపు ఆ ప్రాచీన దేశానికి రాజధాని పోదన, మన నిజామాబాదు జిల్లా బోధనే అని చరిత్రకారులు గుర్తించారు. కేరళవారు మావాడంటారు. నాకు మాత్రం బోధన్ మీదే మనసు.

ఆయన వ్రాసిన ఆర్యభటీయం 121 శ్లోకాల చిన్న పుస్తకం. అందులోనే గణితం, కాలగణన, ఖగోళం అన్నీ ఉన్నాయి. గ్రహణాలకు కారణం చంద్రుని నీడ, భూమి నీడ అని చెప్పాడు. అయితే అన్నిటికన్నా సాహసమైన మాట మరొకటి. సూర్యచంద్రులు, చుక్కలు రోజూ తూర్పున పొడిచి పడమట కుంకడానికి కారణం ఆకాశం తిరగడం కాదు, మన కాళ్ళ కింది భూమి తూర్పు దిక్కుగా తిరగడం అన్నాడు. నదిలో పడవ మీద ముందుకు పోయేవాడికి గట్టున కదలని చెట్లు వెనక్కు పోతున్నట్లు కనిపించడాన్ని ఉపమానంగా చూపాడు. మనకు పడవ అక్కరలేదు. ఘనపూర్ స్టేషనులో రైలెక్కి కాజీపేట వచ్చేలోగా ఎన్ని తాటిచెట్లు వెనక్కు పరుగెత్తాయో మనందరికీ తెలుసు.

మాట చెప్పి ఊరుకోలేదు, లెక్క కూడా ఇచ్చాడు. 43,20,000 సంవత్సరాల మహాయుగంలో భూమి 1,58,22,37,500 సార్లు తిరుగుతుందన్నాడు. దీనిని భాగించి చూస్తే ఒక్క చుట్టుకు 23 గంటల 56 నిమిషాల 4.1 సెకన్లు వస్తుంది. నేటి యంత్రాలు చెప్పే విలువ దాదాపు ఇదే. కాలిక్యులేటర్ మీద రెండుసార్లు వేసి చూశాను.

24 గంటలకు ఆ నాలుగు నిమిషాల తక్కువెందుకని మా మనుమడు అడిగాడు. భూమి తన చుట్టూ తిరుగుతూనే సూర్యుని చుట్టూ కూడా కొంత జరుగుతుంది గనుక, సూర్యుడు మళ్ళీ అదే చోట కనిపించడానికి ఇంకొంచెం తిరగాలి. అందువల్ల చుక్కలు రోజుకు నాలుగు నిమిషాలు ముందుగా పొడుస్తాయి. కార్తీకంలో పొద్దుగుంకగానే మా జఫర్‌గఢ్‌లో తూర్పున పిల్లలకోడి, అంటే కృత్తికలు, పైకి వస్తుంది. నెల తర్వాత అదే వేళకు అది బాగా పైకెక్కి ఉంటుంది. చంద్రుడు మాత్రం తాను కూడా తూర్పుకు నడుస్తుంటాడు గనుక రోజుకు సుమారు 50 నిమిషాలు ఆలస్యంగా వస్తాడు. ధ్రువనక్షత్రం ఒక్కటే ఉత్తరాన, చాచిన చేతి పిడికిళ్ళు రెండింటికి కొంచెం తక్కువ ఎత్తున, ఉన్నచోటనే ఉంటుంది. సూర్యుని చుట్టూ భూమి తిరుగుతుందని ఆర్యభటుడు చెప్పలేదు. అది ఆయనకు అంటగట్టడం న్యాయం కాదు.

ఆయన మాటను లోకం ఒప్పుకోలేదు. భూమి తిరిగితే ఎగిరిన పక్షులు గూటికెట్లా చేరతాయని వరాహమిహిరుడు ఆక్షేపించాడు. 628లో బ్రహ్మగుప్తుడు, ఎత్తైనవి ఎందుకు కూలిపోవని నిలదీశాడు. పోతున్న రైల్లో నాణెం ఎగరేస్తే మళ్ళీ చేతిలోనే పడుతుంది. గాలి, పక్షి, గూడు అన్నీ భూమితోపాటే తిరుగుతున్నాయి. అయితే ఈ సూత్రం బోధపడటానికి ఇంకా వెయ్యేళ్ళు పట్టింది.

ఎదిరించినవారి కంటె అభిమానులే ఎక్కువ అపకారం చేశారు. గురువు తప్పు చెప్పి ఉండడని నమ్మిన వ్యాఖ్యాతలు, భూమి అని అర్థమిచ్చే భూః అనే మాటను భం అని దిద్దారు. భం అంటే నక్షత్రమండలం. ఒక ప్రాణకాలంలో, అంటే సుమారు 4 సెకన్లలో, భూమి ఒక కళ మేర తిరుగుతుందన్న వాక్యం కాస్తా ఆకాశం తిరుగుతుందని మారిపోయింది.

ఇది చదివినప్పుడు నా గుండె కలుక్కుమంది. చాలా ఏళ్ళ క్రితం ఒకాయన సేవాపుస్తకం నకలు తీస్తూ, చేరిన సంవత్సరంలో 3 అంకెను 8గా వ్రాశాను. ఐదేళ్ళ సర్వీసు మాయమై ఆయన పింఛను ఏడు నెలలు ఆగింది. చివరకు మరొక దస్త్రంలో అసలు ఉత్తర్వు దొరికి సరిపడింది గాని, ఆయన ముఖం చూడలేక చాలాకాలం వేరే దారిన వెళ్ళేవాడిని.

ఆర్యభటుని విషయంలో ఆ మరొక దస్త్రం ఎవరిదో చూడండి. ఖండించిన బ్రహ్మగుప్తునిదే! తప్పని చూపడం కోసం ఆ మాటను ఉన్నదున్నట్లు తన గ్రంథంలో ఎక్కించాడు. అందులో భూః అనే ఉంది. పైగా 9వ శతాబ్దంలో బ్రహ్మగుప్తుని పుస్తకానికే వ్యాఖ్య వ్రాసిన పృథూదకస్వామి, ఆర్యభటుని మాటే సబబుగా ఉందని, గుండ్రని భూమి మీద ఎవరు నిలిచిన చోటు వారికి పైభాగమే గనుక కూలడమనే ప్రశ్న లేదని వ్రాశాడు.

1976లో, ఆర్యభటుని 1500వ జయంతికి, ఢిల్లీలోని ఇండియన్ నేషనల్ సైన్స్ అకాడమీ ఆర్యభటీయాన్ని పరిష్కరించి అచ్చువేసింది. ఆ ప్రతిలో భూః తిరిగి తన చోటికి వచ్చింది.