గవ్వల దీవుల్లో ఖాజీ

చేతిలో చిల్లిగవ్వ లేదని అంటుంటాం. ఒకప్పుడు గవ్వ నిజంగానే డబ్బు. ఆ గవ్వలకు పేరుపడ్డవి మాల్దీవులు. హిందూ మహాసముద్రంలో పగడపు దిబ్బలపై ఏర్పడిన 1,192 చిన్న దీవులవి. బాపట్ల, రేపల్లె తీరాల్లో సముద్రాన్ని చూసి పెరిగినవారికి కూడా అంత చిన్న నేలమీద ఒక రాజ్యం ఉండేదంటే ఆశ్చర్యమే. ఆ రాజ్యంలో ఖాజీగా పనిచేసిన యాత్రికుడు ఇబ్న్ బతూతా.

ఆయన హిజ్రీ 703 (క్రీ.శ. 1304)లో మొరాకోలోని టాంజియర్‌లో జన్మించారు. 21వ ఏట హజ్ కోసం ఒంటరిగా ఇల్లు విడిచారు. ఢిల్లీలో ముహమ్మద్ బిన్ తుగ్లక్ ఆయనను ఖాజీగా నియమించాడు, తర్వాత చైనాకు రాయబారిగా పంపాడు. కాలికట్ రేవులో తుఫానుకు కానుకల ఓడ పగిలిపోయింది. జుమా నమాజు కోసం ఒడ్డున ఆగిన ఇబ్న్ బతూతా బతికిపోయారు. ఉత్తచేతులతో సుల్తాను ముందుకు వెళ్ళే ధైర్యం లేక, 1343లో మాల్దీవులకు చేరారు.

ఆ దీవులవారు 1153లోనే ఇస్లాం స్వీకరించారు. అప్పుడు పాలిస్తున్నది ఖదీజా అనే రాణి. ఖాజీ పదవి అంటగడతారేమోనని ఆయన తన సంగతి దాచిపెట్టారు, అయినా తప్పలేదు. జుమాకు రానివారిని కొట్టించి ఊరేగించారు. విడాకులైన స్త్రీ మాజీ భర్త ఇంట్లోనే ఉండే ఆచారాన్ని మాన్పించారు. స్త్రీల వస్త్రధారణ మార్చాలని చూశారు గానీ సాధ్యం కాలేదు. ఒక దొంగ చేయి నరికించినప్పుడు సభలో ఉన్న దీవివాసులు కొందరు స్పృహతప్పారు. ఖాజీకి చట్టం తెలుసు. ఆ ప్రజల మెత్తదనం మాత్రం అప్పటికి తెలిసినట్టు లేదు. పైగా రాజకుటుంబంతో పెళ్ళి సంబంధాలు కలుపుకొని బలం పెంచుకున్నారు. వజీరుకు అనుమానం వచ్చింది. 1344లో పదవి వదిలి ఓడ ఎక్కారు. మధురై సుల్తానును ఆ దీవులపైకి దండెత్తించాలని కూడా చూశారు. ఇది ఆయనే చెప్పుకున్న విషయం, మనం కప్పిపుచ్చనక్కరలేదు.

దీవుల గొప్పతనాన్ని మాత్రం ఆయన బాగా గమనించారు. మేకులు లేకుండా ఓడపలకలను కుట్టటానికి అక్కడి కొబ్బరిపీచు తాడు వాడేవారు. గవ్వలను బెంగాలుకు పంపి బియ్యం తెచ్చుకునేవారు. అక్కడ ఒక బంగారు దీనారుకు 4 లక్షల గవ్వలు, ఒక్కోసారి 12 లక్షలు వచ్చేవి. ఏళ్ళ తర్వాత పశ్చిమ ఆఫ్రికాలోని మాలీలో అదే దీనారుకు 1,150 గవ్వలే రావటం చూశారు.

మాల్దీవుల్లో ఆయనకొక కుమారుడు పుట్టాడు. తర్వాత వచ్చి ఆ పసివాణ్ణి చూశారు, వెంట తీసుకుపోవాలనుకున్నారు. చివరికి తల్లి దగ్గరే వదిలి వెళ్ళిపోయారు.