మట్టికి మన్నన తెచ్చిన హసన్ ఫతీ

గృహనిర్మాణమునకు ధనమే ముఖ్యమని లోకులు తలతురు. కాలిక్రింది మట్టియే మూలధనమని చాటిన వాస్తుశిల్పి హసన్ ఫతీ. ఆయన 1900వ సంవత్సరమున ఈజిప్టు దేశమందలి అలెగ్జాండ్రియా నగరమున సంపన్న కుటుంబమునందు జన్మించెను. వ్యవసాయవిద్య నభ్యసింపగోరి, మొక్కజొన్న యెన్ని నెలలకు చేతికివచ్చునో చెప్పలేక ప్రవేశపరీక్షయందు తప్పెను. పిదప వాస్తువిద్యలో చేరి 1926లో పట్టభద్రుడయ్యెను.

ఇరువదియేడవ యేట తొలిసారి తమ పొలములకు పోయి, కర్షకుల దుర్భరమైన గుడిసెలను చూచి మిక్కిలి కలత చెందెను. సిమెంటు, ఇనుము, కలప కొను శక్తి వారికి లేదు. పచ్చియిటుక యన్ననో ఎండలో ఆరినచాలును; దానిని కాల్చుటకు పుల్లయైనను అక్కరలేదు. గోడల వరకు చిక్కులేదు. కలప లేక కప్పు నిలుచుటెట్లు? యుద్ధకాలమున కలపయు ఇనుమును దొరకని దినములలో ఆయన పచ్చియిటుకలతో కమానుకప్పు కట్టింపగా అది కూలిపోయెను.

సోదరుడు చెప్పిన జాడపై 1941లో అస్వాన్ ప్రాంతమునకేగి నూబియా తాపీపనివారిని చూచెను. వారు గడ్డి యెక్కువగా కలిపిన తేలికయిటుకలను చివరిగోడకు వాల్చి, వరుసపై వరుస ఒరుగునట్లు పేర్చి, క్రింద కర్ర యొక్కటియు నిలుపకయే కమాను ముగించుచుండిరి. లుక్సార్ చెంత రామెసెస్ చక్రవర్తి ఆలయపు ధాన్యాగారములలో ఇట్టి మట్టికప్పులు మూడువేల యేండ్లు గడచియు నేటికిని కనబడును.

పురాతన సమాధులపై కాపురముండిన గూర్నా వాసులు సుమారు 7,000 మందికి క్రొత్తయూరు కట్టు పనిని ప్రభుత్వము ఆయనకొప్పగించెను. నూబియా పనివారిని రప్పించి పని సాగించెను. దళసరి గోడలు పగటివేడి నాపుచుండెను. పాఠశాలపై గాలిగోపురము నిలిపెను. అందు తడిపిన బొగ్గుమీదుగా వీచిన గాలి చల్లనై గదిలోనికి దిగుచుండెను. యంత్రముతో పనిలేదు.

అయినను గూర్నా వాసులు తరలుటకు సమ్మతింపరైరి. వారి జీవనము ఆ సమాధులతో ముడిపడియుండెను. ఎవరో గట్టు తెంపగా నీరు క్రొత్తయూరిలో జొచ్చెను. అధికారుల సహకారమును కొరవడెను. ఊరు పూర్తికాకయే పని నిలిచెను. ఇటుక యెంత చవుకయైనను, కాపురముండువారి సమ్మతి లేనియిల్లు నిలువదని ఈ వృత్తాంతము తెలుపుచున్నది.

ఫతీ తన యపజయమును దాచలేదు. జరిగినదెల్ల గ్రంథముగా వ్రాసి 1969లో వెలువరించెను. 1973లో అది అమెరికాయందు మరల ముద్రితమై దేశదేశముల చదువరులకు చేరెను. 1980లో రైట్ లైవ్లీహుడ్ పురస్కారము ఆయనను వరించెను. 1989 నవంబరు 30వ తేదీన కైరో నగరమున ఆయన కన్నుమూసెను.

సగము కట్టిన యూరు ఒక్క నదీతీరముననే యుండిపోయెను. దానిని గూర్చిన గ్రంథము మాత్రము సముద్రములు దాటి, పేదవాని యింటిని గూర్చి ఆలోచించువారికి నేటికిని దారి చూపుచున్నది.