ఫారింగ్డన్ వీధిలో భోజనము

1888 సెప్టెంబరు 4వ తేదీన మోహనదాసు కరంచంద్ గాంధి బారిస్టరు చదువునకై బొంబాయిలో ఓడ యెక్కెను. అప్పటి కాతనికి పందొమ్మిదేండ్లు నిండలేదు. మద్యము, మాంసము, స్త్రీసాంగత్యము విసర్జింతునని జైనసాధువు బేచర్జీస్వామి యెదుట ప్రమాణము చేసిన పిమ్మటనే తల్లి పుతలీబాయి ఆతనికి సెలవొసగెను. బాల్యమున మిత్రుని ప్రేరణచే చాటుగా మాంసము తిన్నవాడే. భారతీయులందఱు మాంసాహారులై బలవంతులు కావలెనను తలంపు ఆతని కింకను పోలేదు. లండనులో ఆతనిని కట్టి నిలిపినది ఆ ప్రమాణమొక్కటే.

ఉప్పుకారములు లేని ఉడికిన కూరలు రుచింపలేదు. చౌక హోటళ్లలో రొట్టెతో కడుపు నింపుకొనుచు, దినమునకు పది పండ్రెండు మైళ్లు నడచుచు శాకాహారశాలకై వెదకెను. ఒకనాడు ఫారింగ్డన్ వీధిలో అది తటస్థపడెను. ద్వారముకడ అద్దముచాటున అమ్మకమునకుంచిన పుస్తకములు కనబడెను. వానిలో శాకాహారమును సమర్థించుచు హెన్రీ సాల్ట్ వ్రాసినదానిని ఒక షిల్లింగుకు కొని, లోనికేగి భుజించెను. ఇంగ్లండు చేరినపిదప కడుపార తిన్న మొదటి భోజనమదియే.

ఆ పుస్తకము చదివిన పిమ్మట, తల్లికై పాటించిన నియమము తనకై స్వీకరించిన వ్రతమయ్యెను. 1890లో లండను శాకాహార సంఘపు కార్యవర్గమున చేరెను. 1891లో ‘వెజిటేరియన్’ పత్రికలో వ్యాసములు వ్రాసెను. ఆ యేడే స్వదేశము చేరగా, తల్లి అంతకుముందే గతించినదని అన్నగారు తెలిపిరి. మాట నిలుపుకొంటినని చెప్పుకొనుటకు ఆమె లేదు. 1948లో కన్నుమూయువఱకు మహాత్ముడు ఆ వ్రతమును విడువలేదు.