దీపమును, లెక్కయు – ఫ్లోరెన్స్ నైటింగేల్ జీవితము

చరక సంహితయందు చికిత్సకు నాలుగు పాదములు చెప్పబడినవి. అవి వైద్యుడు, ఔషధము, పరిచారకుడు, రోగి. వీటిలో ఏ పాదము కుంటుపడినను చికిత్స నడువదు. పరిచారకునకు ఉండవలసిన గుణములును నాలుగే: ఉపచారము నెరిగియుండుట, నేర్పు, రోగియెడ అనురాగము, శుచిత్వము. ఇట్లు ప్రాచీన కాలముననే వైద్యుని సరసన ఆసనము పొందిన పరిచర్య, కాలక్రమమున పెక్కు దేశములలో గౌరవము లేని కూలిపనిగా దిగజారెను. దానిని మరల ఒక విద్యగా నిలిపిన మహనీయురాలు ఫ్లోరెన్స్ నైటింగేల్.

ఈ రజతోత్సవ సంచికలో ఆమె చరిత్ర వ్రాయుటకు కారణము కలదు. మన చుట్టుపట్ల పల్లెల ఆడపిల్లలు నేడు దిల్‌సుఖ్‌నగర్, ఎల్.బి. నగర్ ప్రాంతములకు పోయి నర్సింగు చదువుచున్నారు. గడ్డిఅన్నారమున పండ్ల మార్కెట్టు ఉండిన స్థలముననే 2022లో పెద్ద ప్రభుత్వాసుపత్రికి శంకుస్థాపన జరిగినది. ఆసుపత్రులు పెరిగిన కొలది నర్సుల అవసరమును పెరుగును. నర్సింగు పాఠశాలలు తమ పూర్వ విద్యార్థినులలో పేరు తెచ్చుకొన్నవారిని పిలిచి, శాలువ కప్పి సత్కరించుట మంచి సంప్రదాయము. అయినను, కూతురు నర్సు కాబోవుచున్నదనిన ముఖము చిట్లించు తలిదండ్రులు నేటికిని లేకపోలేదు. అట్టివారు ఈ చరిత్రను తప్పక చదువవలెను.

ఫ్లోరెన్స్ 1820 మే 12వ తేదీన ఇటలీ దేశమందలి ఫ్లోరెన్స్ నగరమున, సంపన్నులైన ఆంగ్ల దంపతులకు జన్మించెను. పుట్టిన ఊరి పేరే ఆమెకు పేరైనది. తండ్రి విలియం తానే గురువై ఆమెకు గ్రీకు, లాటిను భాషలను, చరిత్రను నేర్పెను. గణితమన్న ఆమెకు మిక్కిలి ప్రీతి. పదునారవ యేట తనను దైవము సేవకు పిలిచెనని ఆమె నమ్మెను. ఆ సేవ రోగుల శుశ్రూషయే యని తెలిసికొనుటకు కొన్ని యేండ్లు పట్టెను. ఇంటివారిని ఒప్పించుటకు మరికొన్ని యేండ్లు పట్టెను. ఆనాటి నర్సులు చదువులేనివారనియు, త్రాగుబోతులనియు లోకాపవాదముండెను. తల్లియు, అక్కయు ససేమిరా యనిరి. వచ్చిన మంచి సంబంధమును సైతము ఆమె కాదనెను. తుదకు 1851లో జర్మనీలోని కైజర్స్‌వెర్త్ అను ఊరియందు సుమారు మూడు నెలలు శిక్షణ పొంది, 1853లో లండనులోని ఒక చిన్న వైద్యశాలకు అధికారిణి యయ్యెను.

మరుసటి యేట క్రిమియా యుద్ధము తీవ్రమాయెను. టర్కీ దేశమున స్కుటారి పట్టణములో గాయపడిన ఆంగ్ల సైనికులు దిక్కులేక పడియున్నారని పత్రికలు ఘోషించెను. మంత్రి సిడ్నీ హెర్బర్టు కోరగా, ఆమె 38 మంది నర్సులతో 1854 నవంబరు మొదటి వారమున అచ్చట దిగెను. ఆ ఆసుపత్రియందు మురుగు, దుర్గంధము తప్ప మరేమియు సమృద్ధిగా లేదు. ఆమె వంటశాలను చక్కబరచెను, చాకిరేవును ఏర్పరచెను, చొక్కాలు, దుప్పట్లు కొని పంచెను. రాత్రులయందు దీపము చేతబట్టి మంచముల నడుమ తిరుగుచుండుటచే, దీపధారిణి యను పేరు లోకమున నిలిచెను.

కాని, ఆ దీపపు వెలుగులో ఆమె చేసిన మరియొక పని మరుగున పడినది. అది లెక్క వ్రాయుట. లెక్కలు వ్రాయుటయే వృత్తిగా గల నాకు ఆమెయందు భక్తి కలుగుటకు అదియే కారణము. 1855 ఫిబ్రవరిలో అచ్చట నూటికి 42 మంది మరణించుచుండిరి. మార్చిలో ఇంగ్లండునుండి వచ్చిన పారిశుద్ధ్య సంఘమువారు కట్టడము క్రిందనున్న మురుగుకాలువలను కడిగించి, గాలి ఆడునట్లు చేసిరి. జూను నాటికి మరణములు నూటికి రెండుకు తగ్గెను. 1856లో స్వదేశమునకు మరలిన పిమ్మట, ఆమె విలియం ఫార్ అను గణాంక పండితునితో కలిసి ఆ మరణములన్నిటిని లెక్కకు తెచ్చెను. తుపాకి గుండుచే చచ్చినవారికంటె రోగములచే చచ్చినవారు ఎన్నోరెట్లు ఎక్కువని తేలినది. తాను రాత్రింబవళ్లు శ్రమించిన ఆసుపత్రియందే మురుగువలన వేలమంది చనిపోయిరన్న చేదునిజమును ఆ లెక్క బయటపెట్టెను. ఆమె దానిని దాచలేదు. రంగుల పటములుగా గీయించి పాలకుల కన్నులకు కట్టించెను. 1858లో లండను గణాంక సంఘము ఆమెను తన ప్రథమ మహిళా సభ్యురాలిగ గ్రహించెను.

ప్రజలు ఆమె పేర సమకూర్చిన నిధితో 1860లో లండనులోని సెయింట్ థామస్ ఆసుపత్రియందు నర్సుల పాఠశాల వెలసెను. మొదటి జట్టులో 15 మంది చేరిరి. శిక్షణ ఒక సంవత్సరము. ప్రతి శిష్యురాలి నడవడియు, పనితనమును మాసమాసమును పట్టికయందు వ్రాయబడుచుండెను. కొన్నేండ్లకు బోధన ఆశించినంతగా లేదని గ్రహించి, 1872 నుండి ఆమె తానే శిష్యురాండ్రను పిలిపించుకొని మాటలాడుచు, యేటేట వారికి హితలేఖలు వ్రాయుచు వచ్చెను.

ఆ పాఠశాల పూర్వ విద్యార్థినులలో ఆగ్నెస్ జోన్స్ ముఖ్యురాలు. 1865లో ఆమె మరి పన్నిద్దరు నర్సులతో లివర్‌పూల్ నగరపు అనాథాశ్రమ వైద్యశాలకు పోయెను. అచ్చట పన్నెండు వందల వరకు బీదరోగులుండిరి. వారిని చూచుచుండినవారు ఆశ్రమమందలి బీదస్త్రీలే, శిక్షణ యెరుగనివారు. ఆగ్నెస్ మూడేండ్లు అచ్చట పాటుపడి, 1868లో విషజ్వరము సోకి 35వ యేట కన్నుమూసెను. అప్పుడు నైటింగేల్ ఒక పత్రికయందు శిష్యురాలి కృషిని కొనియాడుచు పెద్ద వ్యాసము వ్రాసెను. అందు శోకించి ఊరకొనలేదు. ఆగ్నెస్ నిలిచిన చోట నిలుచుటకు యువతులు రండని పిలుపునిచ్చెను. పూర్వ విద్యార్థినికి గురువు చేయదగిన సత్కారము ఇంతకంటె వేరేమి కలదు? ఆ యేటనే మరియొక శిష్యురాలు లూసీ ఆస్బర్న్ ఐదుగురు నర్సులతో ఆస్ట్రేలియాలోని సిడ్నీ నగరమున అడుగిడెను.

నైటింగేల్ మన దేశమునకు ఎన్నడును రాలేదు. అయినను ఆరోగ్యము క్షీణించి గదికే పరిమితమై, ఇక్కడి దండుల పారిశుద్ధ్యముపై 1863 నాటి రాజసంఘపు నివేదికకు తోడ్పడెను. ఇక్కడి సైనికుల మరణములు వేయింటికి 69 నుండి 18కి దిగెనని 1873లో ఆమె లోకమునకు తెలిపెను. గోదావరికి ధవళేశ్వరమున ఆనకట్ట కట్టించిన కాటన్ దొర వాదమును ఆమె బలపరచెను. నీరున్నచో కరవుండదు, కరవు లేనిచో రోగము తగ్గునని ఆమె యెరుగును.

1907లో ఇంగ్లండు రాజు ఆమెకు ఆర్డర్ ఆఫ్ మెరిట్ అను బిరుదమునిచ్చెను. దానిని పొందిన మొదటి స్త్రీ ఆమెయే. 1910 ఆగస్టు 13వ తేదీన తొంబదవ యేట ఆమె దివంగతురాలయ్యెను. వెస్ట్‌మినిస్టర్ ఆలయమున సమాధి చేయుదుమన్న గౌరవమును ఆమె బంధువులు నిరాకరించి, ఈస్ట్ వెలో అను పల్లెయందు సమాధి చేసిరి. శిలపై ఆమె పేరు లేదు. రెండు పొడి అక్షరములు, జనన మరణ తేదీలు మాత్రము కలవు.

నేడు ఆమె జన్మదినము లోకమంతట నర్సుల దినముగ జరుగుచున్నది. భారత ప్రభుత్వము 1973లో ఆమె పేర జాతీయ పురస్కారము నెలకొల్పెను. నర్సింగు విద్యార్థినులు దీపము చేతబట్టి పలుకు ప్రతిజ్ఞకును ఆమె పేరే; అది ఆమె రచన కాక, 1893లో అమెరికాలో కూర్పబడినదే యైనను.

శాలువ నలుగును, పూలమాల వాడును. వ్రాసిన లెక్క నిలుచును. కావున ఈ రజతోత్సవ శుభసమయమున మన గ్రంథాలయమున ఒక పుస్తకము తెరువవలెనని నా మనవి. మన ఊరినుండి నర్సింగు చదివిన ప్రతి ఆడబిడ్డ పేరు, చదివిన చోటు, పనిచేసిన ఆసుపత్రి, సేవ చేసిన యేండ్లు అందు వ్రాయవలెను. రేపు ముఖము చిట్లించు తండ్రి యెవరైనను వచ్చినచో, ఆ పుస్తకమును వారి చేతికిచ్చిన చాలును.